ఎలక్ట్రాన్ విన్యాసం, క్వాంటం సంఖ్యలు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్ మొదటి సంవత్సరం పరమాణు నిర్మాణం పాఠంలో ఆఫ్‌బౌ (తక్కువ శక్తి గల ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్ ఉండే ప్రాంతం, ముందు నిండాలి), పౌలీ, హుండ్ (సమశక్తి ఆర్బిటాళ్లలో ముందు ఒక్కో ఎలక్ట్రాన్ చేరాలి) నియమాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి కనుక, విద్యార్థులు మూడింటికీ ఒకే అధికారం ఉందనుకుంటారు. రసాయనశాస్త్రం బోధించేవాడిగా నేను జవాబు పత్రాల్లో చూసే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: ఈ మూడింటిలో దేన్ని మీరినా ఆ విన్యాసం అసాధ్యం.

వాస్తవం: పౌలీ 1925లో ప్రతిపాదించిన వర్జన నియమం ఒక్కటే రాజీ లేనిది. ఒకే పరమాణువులో రెండు ఎలక్ట్రాన్లకు నాలుగు క్వాంటం సంఖ్యలూ సమానం కావు కాబట్టి 1ఎస్³ అనేది ఏ స్థితిలోనూ ఉండదు. ఆర్బిటాల్ ఆకృతిని తెలిపే ఎల్ విలువ, ప్రధాన క్వాంటం సంఖ్య ఎన్ కంటే ఒకటి తక్కువైన ఎన్-1ని దాటదు కాబట్టి 2డి, 3ఎఫ్ ఆర్బిటాళ్లూ ఉండవు. ఆఫ్‌బౌ, హుండ్ నియమాలు మాత్రం భూస్థితి, అంటే అతి తక్కువ శక్తి గల స్థితి, ఎలా ఉంటుందో చెబుతాయే తప్ప మిగతా స్థితులను నిషేధించవు. సోడియం చివర 3ఎస్¹ బదులు 3పి¹ అని రాస్తే అది తప్పు విన్యాసం కాదు, ఉత్తేజిత స్థితి. ఆ ఎలక్ట్రాన్ తిరిగి 3ఎస్‌కు దిగేటప్పుడు వెలువడే సుమారు 589 నానోమీటర్ల కాంతే పాత సోడియం వీధి దీపాల పసుపు వెలుగు. ప్రశ్న ‘అసాధ్యమైన విన్యాసం ఏది’ అని అడుగుతోందా, ‘భూస్థితి కానిది ఏది’ అని అడుగుతోందా అన్నది చూసుకోకుండా గుర్తు పెట్టేవారే ఎక్కువ.

అపోహ: 4ఎస్ శక్తి ఎల్లప్పుడూ 3డి శక్తి కంటే తక్కువ.

వాస్తవం: హైడ్రోజన్‌లో శక్తి ప్రధాన క్వాంటం సంఖ్యపైనే ఆధారపడుతుంది, అక్కడ 3ఎస్, 3పి, 3డి మూడూ సమశక్తి గలవి, 4ఎస్ వాటికి పైన ఉంటుంది. ఎన్+ఎల్ నియమాన్ని (ఆ మొత్తం తక్కువైన ఆర్బిటాల్ ముందు నిండుతుందనేది) హైడ్రోజన్‌కు వర్తింపజేయడం పోటీ పరీక్షల్లో తరచూ మార్కులు పోగొట్టే పొరపాటు. పొటాషియం, కాల్షియంలలో 4ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దాకా చొచ్చుకుపోగలగడం వల్ల 4ఎస్ కిందికి దిగుతుంది. స్కాండియం నుంచి మాత్రం, పెరిగిన కేంద్రక ఆవేశం 3డి ఆర్బిటాళ్లను లోపలికి లాగేయడంతో, వాటి శక్తే 4ఎస్ కంటే తక్కువవుతుంది. అలాంటప్పుడు స్కాండియం 3డి³ కాకుండా 3డి¹ 4ఎస్² ఎందుకయిందని తెలివైన విద్యార్థి అడిగి తీరాలి. 3డి ఆర్బిటాళ్లు చిన్నవి. ఎలక్ట్రాన్లన్నీ వాటిలోనే చేరితే వికర్షణ పెరుగుతుంది, రెండు ఎలక్ట్రాన్లు విశాలమైన 4ఎస్‌లో ఉంటే మొత్తం పరమాణువు శక్తి తగ్గుతుంది. లెక్కలోకి వచ్చేది మొత్తం శక్తి, ఒక్కో ఆర్బిటాల్ శక్తి కాదు.

అయాన్ల విషయం దీనితోనే తేలిపోతుంది. ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయేటప్పుడు ముందుగా పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఫెర్రస్ అయాన్ 3డి⁶, మూడు కోల్పోయిన ఫెర్రిక్ అయాన్ 3డి⁵. ఇక్కడొక చమత్కారం ఉంది: ఫెర్రస్ అయాన్‌ను పొరపాటున 3డి⁴ 4ఎస్² అని రాసినా ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగే వస్తాయి, అయస్కాంత భ్రామకం 4.90 బోర్ మాగ్నెటాన్లే వస్తుంది, మార్కూ వస్తుంది. అదే పొరపాటు ఫెర్రిక్ దగ్గర చేస్తే 5.92కు బదులు 3.87 వస్తుంది. అందుకే ఈ అంశాన్ని ఫెర్రిక్‌తోనే పరీక్షించాలని నా అభిప్రాయం.

అపోహ: సగం నిండిన, పూర్తిగా నిండిన ఉపకర్పరాల (3డి, 4ఎస్ వంటి ఆర్బిటాళ్ల సమూహాల) స్థిరత్వం అన్ని మినహాయింపులనూ వివరిస్తుంది.

వాస్తవం: క్రోమియం 3డి⁵ 4ఎస్¹ కావడంలో వినిమయ శక్తి (ఒకే స్పిన్ గల ఎలక్ట్రాన్ల వల్ల కలిగే స్థిరత్వం) పాత్ర నిజమే, ఒకే స్పిన్ గల ఎలక్ట్రాన్ల జతలు డి⁴లో 6 అయితే డి⁵లో 10. కానీ అదే గ్రూపులోని టంగ్‌స్టన్ 5డి⁴ 6ఎస్² గానే ఉంటుంది. నియోబియం 4డి⁴ 5ఎస్¹ అవుతుంది. అక్కడ డి ఉపకర్పరం సగం నిండనూ లేదు. పల్లాడియంలో 5ఎస్ పూర్తిగా ఖాళీ. వీటిని ఒకే వాక్యంలో ఇమిడ్చే ప్రయత్నం కంటే మినహాయింపులుగా గుర్తుంచుకోవడమే మేలు.

అపోహ: స్పిన్ అంటే ఎలక్ట్రాన్ బొంగరంలా తన చుట్టూ తాను తిరగడం.

వాస్తవం: స్పిన్ అనేది ఎలక్ట్రాన్‌కు స్వతస్సిద్ధంగా ఉన్న కోణీయ ద్రవ్యవేగం. పైకి గీసిన బాణాన్ని +1/2 అనడం మన ఒప్పందం మాత్రమే.

అపోహ: పి ఆర్బిటాళ్లలో ఎక్స్, వై, జడ్ లకు వరుసగా అయస్కాంత క్వాంటం సంఖ్య -1, 0, +1.

వాస్తవం: జడ్ అక్షం వెంబడి ఉన్న పి ఆర్బిటాల్‌కు మాత్రమే ఎమ్ విలువ కచ్చితంగా చెప్పగలం, అది సున్నా. మిగిలిన రెండూ +1, -1 స్థితుల కలయికలు. వాటిలో దేనికీ విడిగా ఒకే ఎమ్ విలువ లేదు. క్లోరిన్ ‘చివరి ఎలక్ట్రాన్’ క్వాంటం సంఖ్యలు అడిగే ప్రశ్నలోనూ ఇదే చిక్కు. ఎలక్ట్రాన్లను ఒకదాని నుంచి ఒకటి గుర్తుపట్టలేం కనుక చివరిదంటూ విడిగా ఒకటి లేదు. 3పి ఉపకర్పరానికి ఎన్ 3, ఎల్ 1 అన్నంతవరకే స్థిరం. ఎమ్‌కు -1, 0, +1 లలో ఏది ఇచ్చినా, స్పిన్‌కు +1/2, -1/2 లలో ఏది ఇచ్చినా ఆ ఐచ్ఛికాన్ని తోసిపుచ్చడానికి కారణం లేదు. పాఠ్యపుస్తకాలు పాటించే నింపే వరుస ఒక సౌకర్యం మాత్రమే.