యాంటీబయోటిక్ తర్వాత దురద: రెండో మాత్ర ఎక్కడి నుంచి వచ్చింది?

జ్వరాల కాలం రాగానే విజయవాడలో ఈ వాదన మళ్లీ లేస్తుంది. చీటీ లేకుండా యాంటీబయోటిక్ అమ్ముతున్నారని వైద్యులు, మీరు నిరుడు రాసిన మందే జనం అడుగుతున్నారని మందుల షాపులవారు. ఈ ఇద్దరి మధ్య వినిపించని గొంతు ఆడవాళ్లది. గొంతునొప్పికి ఐదు రోజులు మాత్రలు వేసుకున్న మనిషికి వారం తిరగకుండానే దురద, మంట, విరిగిన పాలలాంటి తెల్లబట్ట. చాలామంది దాన్ని మాత్రతో ముడిపెట్టరు. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుంటారు.

అది వేడి కాదు. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తూ, ఇతర సూక్ష్మజీవులకు చోటివ్వకుండా కాపలా కాస్తుంది. కాండిడా అనే ఈస్ట్ ఎంతోమందిలో ఏ బాధా పెట్టకుండా కొద్దిగా ఉంటుంది. యాంటీబయోటిక్ బాక్టీరియాను చంపుతుంది, ఈస్ట్‌ను తాకదు. కంచె తీసేసిన చేలో పశువులు పడ్డట్టే.

పెనిసిలిన్ కథ అందరికీ తెలిసిందే. ఈ తగాదాకు మూలం ఆ తర్వాత ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నేతృత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వెలువడింది. ఎన్నో రకాల బాక్టీరియాపై పనిచేసే ఇలాంటి మందులు ప్రాణాలు నిలిపాయి. వాటి వాడకం పెరిగిన కొద్దీ కాండిడా బెడద కూడా వైద్యుల కంటపడింది. న్యూయార్క్‌లో ఎలిజబెత్ హేజెన్, ఆల్బనీలో రేచల్ బ్రౌన్ గాజు సీసాల్లో నమూనాలను తపాలాలో పంపుకుంటూ, వర్జీనియాలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఈస్ట్‌ను చంపే నిస్టాటిన్‌ను రాబట్టారు. 1950లో ప్రకటించారు, 1954లో అది మార్కెట్‌కు వచ్చింది. రాయల్టీ సొమ్మును పరిశోధనలకే ఇచ్చేసిన ఆ ఇద్దరినీ తలచుకోకుండా ఈ చరిత్ర చెప్పలేం.

నా దృష్టిలో అసలు మలుపు ఆ వెంటనే వచ్చింది. కంపెనీలు ఆరియోమైసిన్ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్‌ను, నిస్టాటిన్‌ను ఒకే మందుగా కలిపి అమ్మాయి. దాంతో 'ఈ యాంటీబయోటిక్ అవసరమా' అన్న ప్రశ్న పక్కకు పోయి, 'దానితో పాటు ఇంకేం ఇవ్వాలి' అన్నది మిగిలింది. 1960ల చివర అమెరికాలో అలాంటి మిశ్రమాలను సమీక్షించి, ఆధారాలు చాలవని తేల్చారు. అలవాటు మాత్రం పోలేదు. మన దగ్గర కొన్ని అమాక్సిసిలిన్ గొట్టం మాత్రల్లో లాక్టిక్ యాసిడ్ బాసిలస్ అనే మేలుచేసే బాక్టీరియా కలిపి వస్తోంది. ఆస్ట్రేలియాలో లాక్టోబాసిల్లస్‌తో జరిపిన ప్రయోగం ఫలితాలు 2004లో వచ్చాయి. 235 మంది ఆడవాళ్లలో 55 మందికి యాంటీబయోటిక్ తర్వాత ఆ దురద బాధ మొదలైంది. లాక్టోబాసిల్లస్ దాన్ని ఆపలేదు.

ఇక చట్టం సంగతి. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 అనేది చీటీ మీదే అమ్మాల్సిన మందుల్లో గట్టి నిఘా పెట్టిన జాబితా. అందులోని మందులు అమ్మితే రోగి పేరు, వైద్యుడి పేరు, మందు, పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ జాబితాలో మొదట చేరిన 46 మందుల్లో సెఫిక్సిమ్ లాంటి యాంటీబయోటిక్‌లు ఉన్నాయి. జనం ఎక్కువగా అడిగే అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ పాత షెడ్యూల్ హెచ్‌లోనే ఉండిపోయాయి. వాటికీ చీటీ తప్పనిసరే, హెచ్1 మందులకు ఉన్నట్టు విడి రిజిస్టరు మాత్రం అక్కర్లేదు. షాపులవారి వాదనలో కొంత నిజం ఉంది: రద్దీగా ఉండే క్లినిక్‌లో చీటీ రాసిన వైద్యుడు కూడా దురద రావచ్చన్న ఒక్క ముక్క చెప్పడు. కానీ విజయవాడ సూర్యారావుపేటలో ఒక మందుల షాపు కౌంటరు దగ్గర నేను చూసింది వేరు. స్ట్రిప్పును కత్తెరతో అడ్డంగా కోసి ఐదు మాత్రలిచ్చారు. మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది. కవరు మీద బాల్‌పెన్నుతో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రెండు గీతలు గీశారు. వారం తర్వాత ఏ మందు వేసుకున్నావని వైద్యురాలు అడిగితే ఆ మనిషి చూపించగలిగేది ఆ కవరే.

దురదతో మళ్లీ షాపుకు వచ్చినప్పుడు పక్కన మగవాళ్లుంటే ఆడవాళ్లు నోరు విప్పలేరు. ఈస్ట్‌ను అణిచే ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర చేతిలో పెట్టి పంపేస్తారు. గర్భం ఉందా అని అడగాలి. ఆ మందు గర్భిణులకు మామూలుగా ఇచ్చేది కాదు. షుగరుకు గ్లిమిపిరైడ్ వాడుతున్నారా అనీ అడగాలి. రెండూ కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు ఇదే దురద వస్తుంటే అది షుగరుకు తొలి ఆనవాలు కావచ్చు. అలాంటివారికి ముందు కావాల్సింది రక్తపరీక్ష, మరో మాత్ర కాదు.