నడుము ఇంజెక్షన్‌లో ఏ స్టెరాయిడ్ మేలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాలలా తెల్లగా ఉండే మందే బలమైనది, నీళ్లలా ఉండేది నామమాత్రం.

వాస్తవం: డిస్క్ జారి, నరం నొక్కుకుపోయి, పిరుదు నుంచి పిక్క దాకా నొప్పి లాగుతున్నవారు నన్ను తరచూ అడిగే మాట ఇది. పాలలా ఉండే స్టెరాయిడ్ అయిన ట్రయామ్సినోలోన్ సీసాను కాసేపు కదపకుండా ఉంచితే తెల్లటి పొడి అడుగుకు చేరుతుంది, ఊపితే మళ్లీ పాలలా మారుతుంది. నీళ్లలా ఉండే స్టెరాయిడ్ అయిన డెక్సామెథాసోన్ ఎంతసేపు ఉంచినా తేటగానే ఉంటుంది. పొడి రేణువులు నెమ్మదిగా కరుగుతాయి కనుక మందు ఎక్కువ కాలం పనిచేస్తుందని వైద్యులమైన మేమూ చాలాకాలం నమ్మాం. కానీ 2014లో వెలువడిన, 78 మందిపై జరిపిన ఒక అధ్యయనంలో, ఆరు నెలల నాటికి ఈ రెండు మందులూ దాదాపు సమానమైన ఉపశమనమే ఇచ్చాయి. డెక్సామెథాసోన్ తీసుకున్నవారిలో కొందరికి మూడో ఇంజెక్షన్ కూడా అవసరమైందన్నది దాచవలసిన విషయం కాదు.

అపోహ: ఏ రకమైనా ప్రమాదం ఒకటే.

వాస్తవం: సూది ఎక్కడికి వెళ్తుందన్నదే ఇక్కడ కీలకం. నరం వెన్నెముక నుంచి బయటికి వచ్చే రంధ్రంలో మందు వేసే ట్రాన్స్‌ఫొరామినల్ పద్ధతిలో, వెన్నుపాముకు రక్తం అందించే సన్నని ధమని సూదికి చేరువలోనే ఉండవచ్చు. పొరపాటున అందులోకి వెళ్లిన రేణువులు గుంపుకట్టి రక్తప్రవాహాన్ని అడ్డుకుంటే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడే ముప్పుంది. ఇది చాలా అరుదు, కానీ జరిగితే వెనక్కి తీసుకోలేని నష్టం. అందుకే ఈ పద్ధతిలో నడుముకు మొదట డెక్సామెథాసోన్‌నే వాడాలని 2015లో అమెరికా నిపుణుల బృందం సూచించింది. మెడ దగ్గరైతే రేణువులున్న మందు అసలు వద్దంది. కొన్ని వారాల అదనపు ఉపశమనం దొరకవచ్చన్న ఆశతో ఆ ముప్పును రోగి మీద మోపడం నాకు సమ్మతం కాదు. వెనుక నుంచి, ఎముకల మధ్యగా వేసే పద్ధతిలో ఈ ప్రమాదం తక్కువ కనుక రెండు రకాలనూ వాడతారు.

అపోహ: ఇంజెక్షన్‌తో జారిన డిస్క్ సర్దుకుంటుంది.

వాస్తవం: స్టెరాయిడ్ నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుందే తప్ప డిస్కును కదిలించదు. మూత్రం ఆగిపోవడం, పాదం వేలాడిపోవడం వంటివి కనిపిస్తే వెంటనే శస్త్రచికిత్స నిపుణుణ్ణి కలవాలి.

అపోహ: నడుములో వేసింది షుగర్‌ను పెంచదు.

వాస్తవం: ఏ స్టెరాయిడ్ అయినా కొన్ని రోజులు పెంచవచ్చు. మధుమేహం ఉన్నవారు ఆ వారం ఇంట్లోనే రోజూ పరీక్షించుకుని, అంకెలు రాసి పెట్టుకుని, బాగా పెరిగితే తమ వైద్యునికి ఫోన్ చేయాలి.