రాయల్ మైల్‌లో అమ్మే కిల్టు వయసెంత?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాకి రెండు రోజుల ట్రిప్పు వేసుకున్నవాళ్లు ఎవరైనా ముందు తిరిగేది రాయల్ మైల్‌లోనే. పైన కొండ మీద కోట, దిగువన హోలీరూడ్ రాజభవనం, మధ్యలో రాళ్లు పరిచిన వీధి, దానికి రెండు పక్కలా గళ్ల బట్టల షాపులు. ఆ గళ్ల ఉన్ని బట్టే టార్టాన్, దాంతో మగవాళ్లు నడుముకి కట్టుకునే మడతల లంగాయే కిల్టు. మెక్‌డొనాల్డ్ వంశమైతే ఈ గళ్లు, క్యాంప్‌బెల్ వంశమైతే ఆ గళ్లు అని ఇంటిపేర్ల పట్టిక పెట్టి మరీ అమ్ముతారు, చూస్తే వెయ్యేళ్ల నుంచీ ఇలాగే ఉందేమో అనిపిస్తుంది. కానీ ఇంటిపేరుకో డిజైను అనే ఈ లెక్క చాలావరకు రెండొందల ఏళ్ల నాటిది. పైగా కిల్టు ఎడిన్‌బరా వాళ్ల బట్టే కాదు.

అది హైలాండ్స్‌ది, అంటే ఉత్తరాన, పడమరన కొండల్లో, దీవుల్లో గేలిక్ మాట్లాడే జనానిది. (మన రాయలసీమ కలెక్టరు మన్రో దొర పుట్టిన గ్లాస్గో ఎడిన్‌బరాలాగే దక్షిణాన పల్లపు ప్రాంతంలో ఉంటుంది. కైఫీయతుల మెకంజీ పుట్టిన స్టోర్నోవే మాత్రం గేలిక్ దీవుల్లోది.) మొదట్లో కిల్టంటే కుట్టిన బట్ట కాదు. పొడవాటి ఉన్ని దుప్పటిని ఒంటికి చుట్టి, నడుముకి బెల్టు బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవాళ్లు. పగలు బట్ట, రాత్రి పక్క, మన గొర్రెల కాపరి గొంగడి లాంటిదే అనుకోండి. పల్లపు ఊళ్ల పెద్దమనుషులకి ఆ బట్ట కట్టినవాడంటే పశువులు తోలుకుపోయే దొంగ అని చులకన, లోపల కాస్త భయం కూడా.

ఆ భయం 1745లో నిజమైంది. గద్దె పోగొట్టుకున్న స్టూవర్ట్ వంశం తరఫున కొండవాళ్లు చాలామంది తిరగబడి, ఎడిన్‌బరా ఊరిని పట్టుకుని (కోట మాత్రం చిక్కలేదు), ఇంగ్లండులో డార్బీ దాకా వెళ్లి వెనక్కి తిరిగి, 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో గంట లోపే చిత్తుగా ఓడిపోయారు. ఆ ఏడే చట్టం వచ్చింది. మగవాడు కిల్టు కడితే మొదటిసారి ఆర్నెల్ల జైలు, రెండోసారి ఏడేళ్లు సముద్రాల అవతలకి పంపేయడం. రాజుగారి సైన్యంలో చేరితే మాత్రం ఎంచక్కా కట్టుకోవచ్చు! 1782 దాకా, అంటే 36 ఏళ్లు ఇదే వరస.

ఇక అసలు నాటకం 1822 ఆగస్టులో. నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వస్తున్నాడు, అక్కడ గద్దె మీదున్న రాజు అడుగుపెట్టి దాదాపు 170 ఏళ్లయింది. ఏర్పాట్లన్నీ నవలా రచయిత వాల్టర్ స్కాట్ చేతిలో పెట్టారు. ఆయన ఊరందరినీ కొండవాళ్ల వేషం కట్టమన్నాడు, తాతల కాలంలో ఆ బట్టని చూసి తలుపులు వేసుకున్న ఇళ్లవాళ్లు దర్జీల దగ్గరికి పరుగెత్తారు. రాజుగారు కూడా హోలీరూడ్‌లో పొట్టి కిల్టు, దాని కింద గులాబీ రంగు మేజోళ్లతో దర్శనమిచ్చాడు, ఆ వేషానికి బిల్లు 1,354 పౌండ్లు. బానక్‌బర్న్‌లో విల్సన్ కుటుంబం మగ్గాలకి ఊపిరాడలేదు. అంతకుముందు నంబర్లతో అమ్మిన డిజైన్లు కొన్నిటికి తర్వాత వంశాల పేర్లు అతికాయి. 1842లో ఇద్దరు అన్నదమ్ములు పాత రాతప్రతి దొరికిందంటూ వంశాల గళ్ల పుస్తకమే అచ్చేశారు. తాము స్టూవర్ట్ యువరాజు మనవలమని చెప్పుకున్న వాళ్ల అసలు ఇంటిపేరు ఆలెన్, ఆ రాతప్రతి దొంగది. అయినా అందులోని డిజైన్లు కొన్ని ఇప్పటికీ షాపుల్లో ఉన్నాయి.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఎడిన్‌బరాలో ఈ సంబరం జరుగుతున్న ఏళ్లలోనే హైలాండ్స్‌లో గొర్రెల పెంపకం కోసం కౌలుదార్లని ఇళ్లలోంచి వెళ్లగొడుతున్నారు. స్కాట్ ఏర్పాట్ల మీద అలిగిన గ్లెన్‌గారీ దొర, ‘అసలైన కొండ సంప్రదాయం నాదీ’ అని ఊరేగినవాడు, తన జనాన్ని తనే ఖాళీ చేయించాడు. రేబర్న్ గీసిన ఆయన నిలువెత్తు చిత్రం నేషనల్ గ్యాలరీ సేకరణలో ఉంది, దర్పానికి మాత్రం లోటులేదు.

అలాగని కిల్టు ఉత్త మోసం అనేయలేం. ఇవాళ అక్కడ పెళ్లిళ్లలో ఇష్టంగా కడుతున్నారు, అక్కడి సిక్కులు తమ కోసం ఓ టార్టాన్ కూడా నేయించుకున్నారు. కోటకి వెళ్తే కిరీటాలున్న గది చూడండి, స్కాట్లాండ్ ఇంగ్లండుతో కలిసిపోయిన 1707 తర్వాత పెట్టెలో పెట్టి తాళం వేసి మర్చిపోయిన ఆ కిరీటాన్ని 1818లో తీయించిందీ స్కాటే. ప్రిన్సెస్ స్ట్రీట్‌లో ఆయన స్మారకం 61 మీటర్లు, 287 మెట్లు, మోకాళ్లు బాగుంటేనే ఎక్కండి. ఛాంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియం ఉచితం.

షాపులో కొనేముందు ఉన్నిదా, అక్రిలిక్‌దా అని అడగండి. ‘రెడ్డి’కో ‘నాయుడు’కో గళ్లు లేవంటే దిగులక్కర్లేదు, 2009 నుంచి ప్రభుత్వ టార్టాన్ రిజిస్టరు ఉంది. డిజైను కొత్తదై, దానికీ మీకూ ఏదో సంబంధం చూపించగలిగితే ఫీజు కట్టి నమోదు చేయించుకోవచ్చు.