పెరుగుతుంది కానీ పేరు తేలదు: సక్సేనియా బూజు వెనుక కథ

మధ్యప్రదేశ్‌లోని పథారియా అడవి మట్టి నుంచి ఎస్.బి. సక్సేనా ఒక కొత్త బూజును వేరుచేసి 1953లో దాన్ని వర్ణించారు. పొడవాటి మెడ ఉన్న కూజా ఆకారంలో సిద్ధబీజాశయం (విత్తనాల్లాంటి సిద్ధబీజాలు తయారయ్యే సంచి), దాని అడుగున చెట్టు వేళ్లలాంటి నల్లటి పోగులు. ఇంకే బూజులోనూ కనిపించని రూపం అది. సక్సేనియా వాసిఫార్మిస్ అన్న పేరు స్థిరపడింది. ఇది మనిషికీ జబ్బు చేస్తుందని 1976లో అమెరికాలో లిబెరో అజెల్లో బృందం ప్రకటించేదాకా వైద్యులకు దీనితో పనిపడలేదు.

జనం బ్లాక్ ఫంగస్ అనే మ్యూకర్‌మైకోసిస్ తెచ్చే బూజుల్లో ఇదీ ఒకటి. రైజోపస్ లాంటివి ఎక్కువగా షుగర్ అదుపులో లేనివాళ్లకు సోకుతాయి. ఇది నిక్షేపంగా ఉన్న మనిషిని కూడా వదలదు. ప్రమాదంలో గాయంలోకి మట్టి చేరినా, ముల్లు దిగినా, పురుగు కుట్టినా చాలు.

కల్చర్‌లో, అంటే ల్యాబులో పెంచితే, మొలవదా అంటే, ఆ ఇబ్బందే లేదు. బూజులను పెంచే సబూరో అగార్ అనే జెల్లీలాంటి మేత మీద కొద్ది రోజుల్లోనే తెల్లగా దూదిలా ప్లేటంతా కమ్మేస్తుంది. తీరా లాక్టోఫీనాల్ కాటన్ బ్లూ అనే రంగు వేసి స్లైడ్ చూస్తే అడ్డుగోడలు దాదాపు లేని వెడల్పాటి పోగులే తప్ప సిద్ధబీజాలు ఉండవు. అవి లేనిదే మైక్రోస్కోపు కింద జాతి తేల్చలేం. 'మ్యూకరేలిస్' అని, ఈ బూజులన్నీ చేరే పెద్ద వర్గం పేరు మాత్రం రాసి రిపోర్టు ముగించాల్సిందే. ఈ జబ్బు అరుదంటారు గానీ, అలా పేరు తేలకుండా ఫైళ్లలో కలిసిపోయినవీ కొన్ని ఉంటాయని నా అనుమానం.

మామిడితోట మట్టిలో దొరికిన, 1979లో వర్ణించిన అపోఫైసోమైసిస్ ఎలిగాన్స్ అనే మరో బూజుతోనూ ఇదే తంటా. ఈ రెండింటికీ పనికొచ్చే చిట్కాను పాధ్యే, అజెల్లో 1988లో ప్రచురించారు. బూజు పెరిగిన అగార్ నుంచి చిన్న ముక్క కోసి, స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్ పోసిన పెట్రీ డిష్‌లో వేస్తారు. అందులో ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నామమాత్రంగా కలుపుతారు. 37 డిగ్రీల దగ్గర వారం పది రోజులు ఉంచితే, పుష్కలంగా తిండి ఉన్నప్పుడు సిద్ధబీజాల ఊసే ఎత్తని బూజు, కరువులో కూజాలు కట్టడం మొదలుపెడుతుంది. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు.

కానీ రోగికి అంత వ్యవధి ఉండదు. ఆస్పర్‌జిల్లస్ అనే వేరే బూజుకు వాడే వొరికోనజోల్ మందు దీనిమీద పనిచేయదు. ఆంఫోటెరిసిన్-బి అనే మందు మొదలుపెట్టాలి, చచ్చిన కండను కోసి తీసేయాలి. అందుకే బయాప్సీ ముక్కను (రోగి నుంచి పరీక్షకు తీసిన కండ) కేఓహెచ్, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద చూసి, వెడల్పాటి పోగులు కనిపించగానే డాక్టరుకు కబురు పెట్టడం ముఖ్యం. కల్చర్‌కు వేసేటప్పుడు ఆ ముక్కను నూరకూడదు, సన్నగా తరగాలి. నూరితే పోగులు చితికి, తర్వాత ఏమీ మొలవకపోవచ్చు.

ఇప్పుడు డీఎన్ఏలో బూజుల జాతులను గుర్తించడానికి వాడే ఐటీఎస్ అనే భాగాన్ని చదివి పేరు తేలుస్తున్నారు. ఆ పరీక్షతో ఇంకో చిక్కు బయటపడింది. ఒకే జాతి అనుకున్న ఈ బూజు నుంచి 2010లో ఎరిత్రోస్పోరా, ఆబ్లాంగిస్పోరా అనే మరో రెండు జాతులను విడదీశారు. అంతకుముందు వాసిఫార్మిస్ పేరుతో వచ్చిన కేసుల్లో ఏది నిజంగా ఏ జాతిదో, కల్చర్ భద్రపరచి ఉంటే తప్ప ఇప్పుడు తేల్చలేం.