బల్బు మార్చారు సరే, వెనకున్న గిన్నె సంగతేంటి?

ఈమధ్య ఒక పాఠకుడు ఇలా అడిగారు: "కారు హెడ్‌లైట్లలో పాత హాలోజెన్ బల్బులు తీసేసి ఇంటి దగ్గర నేనే ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. వెలుగు తెల్లగా, పట్టపగల్లా ఉంది. కానీ ఎదురొచ్చే ప్రతి బండీ నాకు డిప్పర్ కొడుతోంది, నేను లో బీమ్‌లోనే ఉన్నా సరే. పైగా దూరంగా ఉన్నవి మునుపటి కంటే తక్కువే కనిపిస్తున్నాయనిపిస్తోంది. వెలుగు పెరిగి చూపు తగ్గడం ఏమిటి?"

ఈ ప్రశ్న చదవగానే నాకు హుషారొచ్చింది, ఎందుకంటే దీని జవాబు మొత్తం అర మిల్లీమీటరులో ఉంది. హాలోజెన్ అంటే ఏమిటి, ఎల్‌ఈడీ ఎలా వెలుగుతుంది అన్నవి ఎక్కడ వెతికినా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. ఆ గిన్నె గురించి మాట్లాడుకుందాం. హెడ్‌లైట్ లోపల బల్బు వెనక తళతళలాడుతూ ఉండే రిఫ్లెక్టర్ అన్నమాట.

తల భాగం తిప్పితే వెలుగు మారే టార్చిలైటు ఒకటి తీసుకుని గోడ మీదికి వేయండి. ఒక చోట ఆపితే గట్టి చుక్కలా పడుతుంది, ఇంకాస్త తిప్పితే చుక్క విప్పారి మధ్యలో చీకటి ఉన్న చక్రంలా మారుతుంది. బ్యాటరీ అదే, బల్బు అదే, గిన్నె కూడా అదే. మీరు మార్చింది బల్బుకీ గిన్నెకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరం, అంతే. ఈ గిన్నె ఆకారం పేరు పారాబొలా. దాని నాభి, అంటే ఫోకస్ దగ్గర దీపం పెడితే గిన్నెలో ఎక్కడ తగిలిన కిరణమైనా ఒకే దిశలో, ఒకదానికొకటి సమాంతరంగా బయటికొస్తుంది. గ్రీకు గణితవేత్త డయోక్లీస్ దీన్ని సుమారు 2,200 ఏళ్ల క్రితమే తిరగేసి, అంటే సూర్యకిరణాలు గిన్నెలో పడి ఒక్క బిందువు దగ్గర కలుస్తాయని నిరూపించాడు. లెక్కల క్లాసులో మనందరం "వై స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఫోర్ ఏ ఎక్స్" అని బట్టీ పట్టినవాళ్లమే, కానీ అందులోని ఆ "ఏ" గిన్నె అడుగు నుంచి దీపం ఉండాల్సిన దూరమని, అది కొంచెం తప్పితే రోడ్డు మీద ఎదుటివాడి కళ్లు చెదురుతాయని ఎవరూ చెప్పరు. ఆ పాఠం చెప్పే రోజు టీచరు ఒక టార్చిలైటు పట్టుకొస్తే చాలు, పిల్లలు జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు అసలు అందం చూపిస్తాను. ఒక పాత హెచ్4 బల్బు తీసుకోండి. లో బీమ్, హై బీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే రకం ఇది. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తే గాజులో సన్నటి స్ప్రింగుల్లాంటి ఫిలమెంట్లు రెండు కనిపిస్తాయి. ఒక్కోటీ నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరున్నర లోపు లావు. వెనక ఉన్నది హై బీమ్‌ది, గిన్నె ఫోకస్ దగ్గర కూర్చుంటుంది. ముందున్నది లో బీమ్‌ది. దాని కింద చిటికెన వేలి గోరు కంటే చిన్నదైన లోహపు దొప్ప ఒకటి పట్టినట్టుగా ఉంటుంది.

లో బీమ్ రహస్యమంతా ఆ దొప్పలోనే ఉంది. ఫిలమెంట్ ఫోకస్ కంటే ముందుకు ఉంది కాబట్టి కిరణాలు సమాంతరంగా పోకుండా మధ్యకి వంగుతాయి. గిన్నె పైసగంలో తగిలినవి కిందికి దిగుతాయి, కింది సగంలో తగిలినవి పైకి లేస్తాయి. కిందికి దిగేవి మనకు కావాలి, రోడ్డు మీద పడతాయి. పైకి లేచేవి ఎదుటివాడి కళ్లలో పడతాయి, అవి వద్దు. అందుకని ఆ దొప్ప కింది సగానికి వెలుగు వెళ్లకుండానే అడ్డుపడుతుంది. అంటే లో బీమ్ వేసినప్పుడు మీ హెడ్‌లైట్ గిన్నెలో దాదాపు సగం చీకట్లో ఉంటుంది, కావాలనే! దొప్ప అంచుల్లో ఒకవైపుది 15 డిగ్రీలు వాలుగా ఉంటుంది. లో బీమ్‌ని గోడ మీద వేస్తే కనిపించే వెలుగు పై అంచు గీత రోడ్డు అంచు వైపు కొద్దిగా పైకి లేవడానికి కారణం అదే. నడిచేవాళ్లూ బోర్డులూ ఆ వైపునే ఉంటారు కదా, వాళ్లు కనబడాలి. మోటారు లేదు, కంప్యూటర్ లేదు. ఒక రేకు ముక్కతో ఇంత పని చేయించిన ఇంజినీర్లంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

ఇక లెక్కలోకి వద్దాం. గిన్నె ఫోకస్ దూరం 25 మిల్లీమీటర్లు అనుకుందాం, కారు హెడ్‌లైట్లలో ఇది సుమారు ఇంతే ఉంటుంది. దీపం పక్కకో కిందికో 1 మిల్లీమీటరు జరిగితే గిన్నె మధ్యభాగం నుంచి వచ్చే కిరణం 25లో 1 వంతు, అంటే 2.3 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. దీపం కిందికి జారితే కాంతి పైకి లేస్తుంది, అద్దం కదా, తలకిందులు. ఇప్పుడు మీ లైటు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. లో బీమ్ పై అంచుని మామూలుగా ఒక శాతం కిందికి, అంటే 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు దిగేలా సెట్ చేస్తారు. 50 మీటర్ల దూరంలో అది 50 సెంటీమీటర్లు దిగి నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కన్ను సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మధ్యలో మీటరు చీకటి రక్షణగా ఉందన్నమాట. దీపం అర మిల్లీమీటరు కిందికి జారితే? 50లో ఒక వంతు వంపు, 50 మీటర్ల దూరంలో సరిగ్గా మీటరు. రక్షణ మొత్తం పోయింది, వెలుగు అంచు వెళ్లి అతని కంటికి తగిలింది.

ఈ లెక్క తెలిశాక ఎల్‌ఈడీ బల్బుని చేతిలోకి తీసుకుని చూడండి. గుండ్రటి ఫిలమెంట్ స్థానంలో ఒక బల్లపరుపు పలక, దానికి రెండు వైపులా పసుపు రంగు చిప్పులు. పలక మందం 2 మిల్లీమీటర్లు ఉంటే ఒక్కో చిప్పు నడిమి గీతకి 1 మిల్లీమీటరు పక్కన కూర్చున్నట్టే. ఫిలమెంట్ నాలుగు దిక్కులా వెలుగుతుంది, ఇవి ఎదురుగా మాత్రమే వెలుగుతాయి, పలక అంచుల వైపు చీకటి మిగులుతుంది. హెచ్4 కోసం చేసిన వాటిలో చిన్న రేకు ఒకటి పెడతారు గానీ చిప్పు అసలు ఫిలమెంట్ ఉండాల్సిన చోటు కంటే వెనక్కి, ఫోకస్ దాటి జరిగిందంటే కథే తిరగబడుతుంది. పైసగం నుంచి కిందికి దిగాల్సిన కిరణాలు పైకి లేస్తాయి. అడ్డుకునే దొప్ప అటువైపు లేదు. మీకు డిప్పర్ కొడుతున్నవాళ్లందరూ చెబుతున్నది ఇదే.

చిప్పులు పైకీ కిందికీ చూసేలా బిగిస్తే మరీ ఘోరం. పక్కలకి చూసేలా, గడియారంలో మూడూ తొమ్మిదీ ఉన్న దిక్కులకి ఉండాలి, అప్పుడు ఆ మిల్లీమీటరు తప్పు కనీసం అడ్డంగా చెదురుతుంది. చాలా బల్బులకి కాలర్, అంటే హెడ్‌లైట్‌లో బిగించే చుట్టు రింగు, తిప్పుకునే వీలు ఉండేది ఇందుకే, కానీ తిప్పి చూసేవాళ్లు తక్కువ.

జినాన్ కిట్లు, అంటే ఫిలమెంట్ లేకుండా జినాన్ వాయువులో విద్యుత్ ఆర్క్‌తో వెలిగే బల్బులు, పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల సంగతి ఇంకా తీవ్రం. హెచ్4 లో బీమ్ ఫిలమెంట్ ఇచ్చేది సుమారు 1,000 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత), 35 వాట్ల జినాన్ ఆర్క్ సుమారు 3,200. మూడింతలు! ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు అనుసరించే దేశాల్లో 2,000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కి బరువును బట్టి వెలుగు ఎత్తు తనంతట తాను సర్దుకునే ఏర్పాటూ, హెడ్‌లైట్ ముందు అద్దం కడిగే ఏర్పాటూ తప్పనిసరి. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే కారు ముక్కు పైకి లేస్తుంది, అద్దం మీద దుమ్ము పడితే వెలుగు అన్ని వైపులా చిమ్ముతుంది, అంత వెలుగుతో ఆ రెండూ ప్రమాదం కాబట్టే ఈ రూలు. కిట్టు పెట్టెలో ఈ రెండూ రావు.

ఇక రెండో సగం: వెలుగు పెరిగి చూపు ఎందుకు తగ్గింది? వెలుగు దూరం వర్గానికి తగ్గుతుంది. ఒకే తీవ్రత గల కిరణం 50 మీటర్ల దగ్గర ఇచ్చే వెలుగు కంటే 10 మీటర్ల దగ్గర 25 రెట్లు ఎక్కువ ఇస్తుంది. అందుకని మంచి హెడ్‌లైట్ కారు ముందు నేలకి కావాలనే తక్కువ పంపి, దూరపు అంచుకి దట్టంగా పంపుతుంది. ఫోకస్ తప్పిన ఎల్‌ఈడీ ఆ పంపకాన్ని చెదరగొట్టి దగ్గరి నేలని ముగ్గుపిండి పోసినట్టు తెల్లగా చేసేస్తుంది. కన్ను ఆ తెలుపుకి అలవాటు పడిపోయి దూరపు చీకట్లో ఉన్న మనిషిని పట్టుకోలేదు. మీకేమో "అబ్బ, ఎంత వెలుగు" అనే అనిపిస్తుంది. ఆ అనిపించడం చాలా ప్రమాదం, ఎందుకంటే ఆ నమ్మకంతోనే కాలు యాక్సిలరేటర్ మీద ఇంకాస్త బరువుగా పడుతుంది.

ఒకటి రెండు మూఢనమ్మకాల గురించి కూడా చెప్పాలి. మొదటిది, కెల్విన్ ఎక్కువైతే వెలుగు ఎక్కువ అని. కెల్విన్ రంగు లెక్క, వెలుగు లెక్క కాదు. నీలం పూత పూసిన హాలోజెన్ బల్బు నిజానికి తన వెలుగులో కొంత తానే మింగేస్తుంది. రెండోది, పసుపు లైటు పొగమంచుని చీల్చుకుపోతుందని. ఆకాశాన్ని నీలంగా చేసేవి గాలి అణువులు, అవి కాంతి తరంగం కంటే ఎంతో చిన్నవి కాబట్టి నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. పొగమంచు తుంపరలు తరంగం కంటే పదుల రెట్లు పెద్దవి, వాటికి అన్ని రంగులూ దాదాపు ఒకటే, పొగమంచు తెల్లగా కనిపించేది కూడా అందుకే. ఫ్రాన్స్‌లో 1993 దాకా కార్లకి పసుపు హెడ్‌లైట్లు ఉండాలన్న నియమం ఉండేది కాబట్టి ఈ నమ్మకానికి పెద్ద చరిత్రే ఉంది. ఫాగ్ లైటు పనిచేసేది దాన్ని కిందగా బిగించి, వెలుగు పైకి లేవకుండా కత్తిరించడం వల్ల.

మరి పాత కారులో వెలుగు పెంచుకోవాలంటే? నేనైతే ముందు మల్టీమీటరు తీస్తాను. ఫిలమెంట్ వెలుగు వోల్టేజీకి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. బల్బు సామర్థ్యాన్ని కొలిచేది 13.2 వోల్టుల దగ్గర. పాత వైరింగ్, తుప్పు పట్టిన ఎర్త్, అరిగిన స్విచ్ కలిసి బల్బు దగ్గరికి 12 వోల్టులే చేరనిస్తే 28 శాతం వెలుగు దారిలోనే పోయినట్టు. లావు వైర్లు, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్), బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు పెట్టి బల్బుకి నేరుగా కరెంటు ఇస్తే పోయిన ఆ వెలుగంతా తిరిగి వస్తుంది, అదీ సరైన చోట, గిన్నె ఎటు పంపమంటే అటు. అలాగని వోల్టేజీ మరీ ఎక్కువైనా కష్టమే, ఆయుష్షు సుమారు 13వ ఘాతంలో తగ్గుతుంది, 5 శాతం పెరిగితే బల్బు జీవితం దాదాపు సగమవుతుంది.

ఆ తర్వాత పచ్చబడిన హెడ్‌లైట్ ముందు అద్దం. అది పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పైపూత చెడి మసకబారుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే కొన్నాళ్లు మెరుస్తుంది, కానీ కాపాడే పూత లేదు కాబట్టి మళ్లీ పచ్చబడుతుంది. నీళ్లు పోస్తూ 600, 1000, 2000 నంబర్ల ఎమరీ కాగితంతో వరసగా రుద్ది, చివర యూవీ క్లియర్ కోట్ వేస్తేనే నిలుస్తుంది. కొత్త హాలోజెన్ బల్బు వేసేటప్పుడు గాజుని వేలితో తాకకండి, చర్మం మీది నూనె ఆ వేడికి గాజు మీద మచ్చై అక్కడే పగులు మొదలవుతుంది.

పాఠకుడికి నేను ఒక్క పని చెప్పాను. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసుకుని, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, గోడకి పది మీటర్ల దూరంలో కారు ఆపండి. లైటు మధ్య ఎత్తుకి 10 సెంటీమీటర్లు కిందగా గోడ మీద టేపు అంటించండి. ముందు పాత బల్బు వేసి గీత టేపు మీదికి వచ్చేలా వెనకున్న స్క్రూ తిప్పి సర్దండి. తర్వాత ఇంకేమీ ముట్టుకోకుండా ఎల్‌ఈడీ వేసి ఇరవై నిమిషాలు వెలిగించి చూడండి, చిప్పు వేడెక్కితే దాని వెలుగు తగ్గుతుంది కాబట్టి మొదటి నిమిషాన్ని నమ్మకూడదు.

ఆయన రెండు ఫొటోలు పంపారు. మొదటిదానిలో గీత టేపు మీద కత్తితో కోసినట్టు ఉంది, ఒక కొసన ఆ 15 డిగ్రీల వాలు కూడా చక్కగా కనిపిస్తోంది. రెండోదానిలో గీతే లేదు, దాని స్థానంలో ఒక తెల్లటి మబ్బు, టేపు పైన జానెడు ఎత్తు దాకా. జానెడంటే 20 సెంటీమీటర్ల చిల్లర. పది మీటర్లకి 20 సెంటీమీటర్లంటే 50లో ఒక వంతు, 25 మిల్లీమీటర్లలో 50వ వంతు వేస్తే అర మిల్లీమీటరు.