‘వరల్డ్’ను వెనక నుంచి చెప్పమన్నారు

‘వరల్డ్’ అనే ఇంగ్లిష్ మాట స్పెల్లింగు వెనక నుంచి చెప్పండి. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన మతిని తూచే మినీ మెంటల్ పరీక్షలో ఇదొక ప్రశ్న. వందలోంచి ఏడేసి తీసుకుంటూ పోవడం రానివాళ్లకు బదులుగా దీన్ని అడుగుతారు. ఐదక్షరాలు, ఐదు మార్కులు. దీన్నే తెలుగులో అడిగి చూడండి. ‘ప్రపంచం’ను వెనక నుంచి ‘చం, పం, ప్ర’ అంటే సరిపోతుందా, లేక ‘ప్ర’ను విడదీసి రకారాన్ని ముందుకు తేవాలా? సున్నా ఏ పక్కకు పోతుంది? ఐదు మార్కుల్ని మూడక్షరాలకు ఎలా పంచాలి? బడి గడప తొక్కని మనిషినైతే ఈ ప్రశ్న అడగడంలోనే అర్థం లేదు.

ఇది సరదాకి చెప్పింది కాదు. ముప్ఫై మార్కుల ఆ పరీక్షలో 24 కంటే తగ్గితే డిమెన్షియాను, అంటే జ్ఞాపకం, ఆలోచన క్షీణించి రోజువారీ పనులు దెబ్బతినే స్థితిని, అనుమానించాలన్నది ప్రపంచమంతా దశాబ్దాల పాటు నడిచిన లెక్క. రకరకాల భాషలు, చదువులు, బతుకులు ఉన్న వృద్ధులకు డిమెన్షియా సంరక్షణ సమానంగా ఎందుకు అందడం లేదని ఇవాళ అందరూ అడుగుతున్నారు. దాని మూలాలు చాలావరకు ఇలాంటి ప్రశ్నల్లోనే ఉన్నాయి.

కథ ఒకే ఒక్క రోగితో మొదలైంది. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో 51 ఏళ్ల ఆగస్ట్ డెటెర్‌ను చేర్చారు. మర్నాడు డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆమె ఎదుట కూర్చుని మీ పేరేమిటని అడిగాడు. ‘ఆగస్ట్’ అంది. ఇంటిపేరు? ‘ఆగస్ట్’. భర్త పేరు? అదీ ఆగస్టేననుకుంటా అంది. మధ్యాహ్నం ఆమె పంది మాంసం, కాలీఫ్లవర్ తింటుంటే ఏం తింటున్నారని అడిగాడు. పాలకూర అని చెప్పింది. డాక్టరు ఇవన్నీ కాగితం మీద పెట్టాడు. 1906లో ఆమె చనిపోయాక మెదడును పరిశీలించి, ఆ నవంబరులోనే ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో వివరించాడు. 1910లో జర్మన్ మనోవైద్యుడు క్రేప్‌లిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్స్ అని పేరు పెట్టాడు. డిమెన్షియాకు అన్నిటికంటే ముఖ్య కారణం ఇదే. ఆమె కేసు ఫైలు 1995లో గానీ మళ్లీ దొరకలేదు.

ఈ కథలో తరచూ వదిలేసే మనిషి ఒకరున్నారు. లైబీరియాలో పుట్టిన సాలమన్ కార్టర్ ఫుల్లర్. ఆయన తాత అమెరికాలో బానిసగా బతికి, డబ్బిచ్చి తన స్వేచ్ఛను తానే కొనుక్కుని లైబీరియా చేరాడు. మనవడు వైద్యం చదవడానికి అమెరికా వెళ్లి, 1904లో మ్యూనిక్ చేరి అల్జీమర్ ప్రయోగశాలలోనే పనిచేశాడు. అప్పటిదాకా తెలిసిన కేసులన్నిటినీ సమీక్షించి 1912లో ఇంగ్లిష్‌లో రాశాడు. రక్తనాళాలు గట్టిపడటమే ఈ జబ్బుకు కారణమన్న వాదాన్ని అప్పట్లోనే ప్రశ్నించాడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో నాడీశాస్త్ర విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపినా అధిపతి హోదా మాత్రం ఇవ్వలేదు. 1933లో తనకంటే కిందిస్థాయి తెల్లజాతి అధ్యాపకుడికి ఆ కుర్చీ దక్కడంతో ఆయన తప్పుకున్నాడు. అమెరికాలో ఈ జబ్బు నల్లజాతి వృద్ధులకు తెల్లవాళ్ల కంటే దాదాపు రెండింతలు, హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) వృద్ధులకు ఒకటిన్నర రెట్లు వస్తోందని ఇప్పుడు చెబుతున్నప్పుడు నాకు ఫుల్లరే గుర్తొస్తాడు.

తర్వాత అరవై ఏళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. అల్జీమర్స్ అంటే నడివయసువాళ్లకు వచ్చే అరుదైన జబ్బు, ముసలివాళ్ల మతిమరుపు వయసుతో వచ్చేదేనని రెండు గాటన కట్టేశారు. ‘చాదస్తం’ అనేస్తే మన దగ్గర మాట అయిపోయేది. అక్కడా అంతే, మాట మాత్రం వేరు. ఆ గోడ 1968లో కదిలింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో బ్లెస్డ్, టామ్లిన్‌సన్, రాత్ వృద్ధుల మెదళ్లను పరిశీలించి అల్జీమర్ చూసిన మార్పులే వాటిలోనూ ఉన్నాయని చూపారు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ రెండూ ఒకే జబ్బని, ప్రాణాలు తీసే జబ్బుల్లో ఇది ముందు వరసలో ఉందని రాశాడు. దాంతో డబ్బు, సంస్థలు, పరిశోధన కేంద్రాలు వరసగా వచ్చాయి. రోగుల్ని లెక్కపెట్టాల్సిన పనీ వచ్చింది. లెక్కకు కొలబద్ద కావాలి. చేతికందిన కొలబద్ద పైన చెప్పిన ముప్ఫై మార్కుల పరీక్ష.

దాన్ని వేల మందికి పెట్టి చూస్తే ఏమైందో 1993లో అచ్చయింది. తొమ్మిదేళ్లో అంతకంటే ఎక్కువో చదివినవాళ్ల మధ్యస్థ స్కోరు 29. నాలుగేళ్లలోపు చదివినవాళ్లది 22. అంటే తక్కువ చదువున్న గుంపులో సగానికి పైగా మనుషులు, జబ్బున్నా లేకున్నా, కటాఫ్ కిందే ఉండిపోతారు. పరీక్ష కొలిచింది మెదడుతో పాటు బడిని కూడా.

దీన్ని సరిచేసే ప్రయత్నాలు ఒకే చోట మొదలవలేదు. కెనడాలోని మానిటోబాలో క్రీ ఆదివాసుల కోసం ఒక ప్రశ్నావళి తయారైంది. వృద్ధుల్ని అడగడంతో ఆపకుండా, ఇంట్లోవాళ్లనూ అడగడం దానిలోని మెలకువ. హ్యూ హెండ్రీ బృందం దాన్ని నైజీరియాలోని ఇబాదాన్‌కు, అమెరికాలోని ఇండియానాపొలిస్‌కు తీసుకెళ్లింది. 2001లో వచ్చిన ఫలితం ఇది: ఇబాదాన్‌లోని యోరుబా వృద్ధుల్లో కొత్తగా డిమెన్షియా వచ్చేవాళ్లు ఏటా 1.35 శాతం, ఇండియానాపొలిస్‌లోని ఆఫ్రికన్ అమెరికన్లలో 3.24 శాతం. పూర్వీకులది ఒకే ఖండం, జబ్బు మాత్రం రెండింతలకు పైగా. జాతి లక్షణమనే పాత వాదానికి ఇది పెద్ద దెబ్బ. బీపీ, తిండి, బతుకుల్లోని తేడాల వైపు చూపు మళ్లింది.

హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో మరో బృందం, వాళ్లు చూసినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది నిరక్షరాస్యులు కావడంతో, పరీక్షను మొదలంటా తిరగరాసింది. ఇది పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడిగారు. స్పెల్లింగు బదులు వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. కాగితం మీది వాక్యాన్ని చదివి కళ్లు మూసుకోమనే బదులు నన్ను చూసి నేను చేసినట్టు చేయమన్నారు. 1998లో వాళ్లకు తేలిన సంఖ్య చాలా చిన్నది: అరవై ఐదు దాటినవాళ్లలో 1.36 శాతం.

ఇంత తక్కువేమిటి? అదే ఏడాది కొచ్చిలో 10/66 పరిశోధక బృందం పుట్టింది. రోగుల్లో 66 శాతం మంది పేద, మధ్యాదాయ దేశాల్లో ఉంటే పరిశోధన వాటా పదిశాతం కూడా లేదన్నది ఆ పేరుకు అర్థం. 2008లో వాళ్లిచ్చిన ఫలితం నా లెక్కలో ఈ చరిత్ర మొత్తానికీ మలుపు. అమెరికా ప్రమాణాల ప్రకారం లెక్కిస్తే డిమెన్షియా భారత గ్రామాల్లో 0.3 శాతం, క్యూబాలో 6.3. అవే మనుషుల్ని తమ పద్ధతిలో చూస్తే కనిష్ఠం చైనా గ్రామాల్లో 5.6, గరిష్ఠం డొమినికన్ రిపబ్లిక్‌లో 11.7. భూమికీ ఆకాశానికీ ఉన్న తేడా కాస్తా పక్కపక్క వీధుల తేడా అయింది.

అమెరికా ప్రమాణాల్లో ఒక షరతుంది: జబ్బు వల్ల మనిషి రోజువారీ పనులు దెబ్బతినాలి. ఆ సంగతి సాధారణంగా ఇంట్లోవాళ్లనే అడిగి తెలుసుకుంటారు. పెద్దావిడ చేతికి అన్నం కలిపి ఇచ్చే ఇంట్లో, డబ్బు లెక్క కొడుకు చూసుకునే ఇంట్లో, ఆవిడ ఏ పని చేయలేకపోతోందని చెబుతారు? అడిగినవాళ్లకు ‘బాగానే ఉంది, వయసే కదా’ అని నిజాయితీగానే చెబుతారు. ప్రేమే జబ్బును కప్పేసింది. నిద్ర లేకుండా ఆవిడను కనిపెట్టుకుని ఉన్న కోడలు ఏ లెక్కలోకీ రాలేదు.

ఆస్ట్రేలియా ఈ పాఠాన్ని చేతల్లో చూపింది. పశ్చిమాన కింబర్లీ ఆదివాసుల కోసం చేసిన పరీక్షలో గుర్తుపట్టాల్సిన వస్తువులు దువ్వెన, రేకు కప్పు, అగ్గిపెట్టె. ఆ పరీక్షతో చూస్తే 45 ఏళ్లు దాటినవాళ్లలోనే 12.4 శాతం మందికి డిమెన్షియా తేలింది. అన్నేళ్లూ అది ఎవరి కంటా పడలేదు. వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే సిడ్నీలో 2004లో వచ్చిన రూడాస్ పరీక్ష టీ, వంటనూనె, గుడ్లు, సబ్బు గుర్తుపెట్టుకోమంటుంది. తర్వాత, సిగ్నల్ లేని రద్దీ రోడ్డును ఎలా దాటుతారో చెప్పమంటుంది. ఆ జవాబుకు చదువుతో పని లేదు.

గుర్తించాక చూసుకోవడం సంగతి. అమెరికాలో ఐదు నగరాల్లో 642 కుటుంబాలతో చేసిన రీచ్-2 ప్రయోగం 2006లో అచ్చయింది. శిక్షణ పొందినవాళ్లు ఆరు నెలల పాటు ఇంటికెళ్లి, ఫోను చేసి చూసుకునేవాళ్లకు తోడ్పడ్డారు. హిస్పానిక్, తెల్లజాతి సంరక్షకులకు స్పష్టంగా మేలు జరిగింది. నల్లజాతివాళ్లలో భార్యకో భర్తకో సేవ చేస్తున్నవాళ్లకు మాత్రమే ఆ మేలు కనిపించింది. ఒకే సాయం అందరికీ ఒకేలా పనిచేయదని అప్పుడే రుజువైంది. వలస వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కు. జబ్బు ముదిరేకొద్దీ చాలామందికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి అమ్మభాష మిగులుతుంది. కేర్ హోమ్‌లో అది తెలిసిన మనిషి ఒక్కరూ లేకపోతే, దాహమని అడిగినా సిబ్బందికి అది గొడవ చేయడంలాగే కనిపిస్తుంది.

నమ్మకం మాటకొస్తే 1932 నుంచి 1972 దాకా అమెరికాలోని టస్కిగీలో సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు మందివ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ జ్ఞాపకం ఇంకా ఇళ్లలో ఉంది. రేపు అల్జీమర్స్‌కు మందు దొరికితే జాతి, రంగు చూడకుండా అందరికీ ఇస్తారని నమ్మిన నల్లజాతి అమెరికన్లు 2021 సర్వేలో 53 శాతమే.

2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 14 కారణాలు చెప్పి, వాటిని సరిచూసుకుంటే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపొచ్చు లేదా వాయిదా వేయొచ్చంది. బీపీ, షుగర్, వినికిడి తగ్గడం, ఒంటరితనం ఉన్న ఆ జాబితాలో బాల్యానికి సంబంధించింది ఒకటుంది: చదువు లేకపోవడం. పరీక్షలో మార్కులు తగ్గించేదీ అదే, జబ్బును నిజంగా పెంచేదీ అదే. రెంటినీ వేరుచేయడమే అసలు తలనొప్పి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల్ని చూసి 2013లో ప్రకటించిన సంగతి ఇక్కడ కొంత ఊరట. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, నిరక్షరాస్యుల్లో కూడా. బడి ఇవ్వని రక్షణ వీధి ఇచ్చిందన్నమాట.

ఇప్పుడు రక్తంలోనే అల్జీమర్స్ ఆనవాళ్లు చూసే పరీక్షలు వస్తున్నాయి. 2025 మేలో అమెరికా మొదటిదానికి అనుమతిచ్చింది. స్పెల్లింగుల బెడద, అనువాదాల గోల లేవు. అయితే ఈ పరీక్షలు కొలిచే పీ-టౌ అనే ప్రొటీన్ కిడ్నీ జబ్బున్నవాళ్లలో అల్జీమర్స్ లేకపోయినా పెరుగుతుంది. అమెరికాలో కిడ్నీ జబ్బు తెల్లవాళ్ల కంటే నల్లజాతివాళ్లకే ఎక్కువ. కటాఫ్ గీతను ఎవరి రక్తం చూసి గీశారని పరిశోధకులు మళ్లీ అడగడం మొదలుపెట్టారు.