దయ్యం కనిపించని కథకే ఎందుకు భయం?

చిట్టీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిట్టి ఒక మాట అడిగింది. "తాతయ్యా, సినిమాలో దయ్యం మొహం మీదకొచ్చి అరిస్తే ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశాం. నువ్విచ్చిన కథలో అసలు దయ్యమే కనిపించలేదు. అయినా రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి అమ్మని లేపాను. ఎందుకలా?" అని. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

మా నాయనమ్మ ఎండాకాలంలో మామిడికాయల్ని మంచం కింద వరిగడ్డిలో మాగేసేది. పైన గోనెపట్టా కప్పేది. కాయ ఒక్కటీ కనిపించేది కాదు. కొన్నాళ్లయ్యాక గడపలో కాలు పెట్టగానే వాసన గుప్పున కొట్టేది. భయం ఆ వాసన లాంటిదమ్మా. పండు కంటికి కనపడక ముందే ఇల్లంతా నిండిపోతుంది. పండిందా లేదా అని గడ్డి తీసి బొటనవేలితో నొక్కామంటే అక్కడ నల్లగా కమిలిపోయేది, నాయనమ్మ చేతిలో దెబ్బలు పడేవి. దయ్యం ఎలా ఉందో, గోళ్లెంత పొడవో ప్రతి పేజీలో చెప్పే రచయితా అలా నొక్కి నొక్కి పాడుచేసేవాడే. మీ సినిమా అరుపు కార్బైడ్ పెట్టి పండించిన కాయ. పైకి పచ్చగా నిగనిగలాడుతుంది, కోస్తే లోపల పులుపు. మంచి కాయ తొడిమ దగ్గర ముందు మెత్తబడుతుంది. మంచి కథా అంతే, మొదటి పేరాలోనే ఎక్కడో కొంచెం మెత్తబడుతుంది.

మీరు చదివిన 'కోతి చెయ్యి' కథనే మళ్లీ తీయండి. డబ్ల్యూ.డబ్ల్యూ. జాకబ్స్ అనే ఇంగ్లండు రచయిత 1902లో అచ్చువేశాడు. బయట చలి, వాన. లోపల తండ్రీ కొడుకూ చదరంగం ఆడుతుంటారు, తల్లి చలిమంట దగ్గర కూచుని అల్లుకుంటూ ఉంటుంది. ఎంత హాయిగా ఉంది! ఆ ఇంటికి ఒక సైనికుడు మన దేశం నుంచి తెచ్చిన ఎండిన కోతి చెయ్యి వస్తుంది. మూడు కోరికలు తీరుస్తుందట. వాళ్లు రెండు వందల పౌన్లు అడుగుతారు. డబ్బు వస్తుంది. ఏ దారిన వచ్చిందో మీకు తెలుసు, కొడుకు కార్ఖానా యంత్రంలో చిక్కుకుని చనిపోయినందుకు పరిహారంగా. కొడుకు మళ్లీ బతికి రావాలని తల్లి కోరిస్తుంది. ఆ తర్వాత రాత్రిపూట తలుపు చప్పుడు. తలుపవతల ఎవరున్నారో జాకబ్స్ చూపించలేదు. చూపించి ఉంటే చిట్టి హాయిగా పడుకునేది.

మా చిన్నప్పుడు మాకు ఈ రుచి చూపించింది 'చందమామ'. అప్పుడు సుల్తాన్ బజార్ వెనక సందులో పెంకుటింట్లో ఉండేవాళ్లం. మరుగుదొడ్డి పెరటి చివర, మధ్యలో వేపచెట్టు. కత్తి పట్టుకున్న విక్రమార్కుడు, భుజాన శవం, ఆ శంకర్ గారి బొమ్మ చూసిన రాత్రి లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్లాలంటే ప్రాణం పోయేది. లాంతరు చిమ్నీకి ఒక పక్క మసి పట్టి ఉండేది. వెలుగు ఒకవైపే పడేది, చెట్టు ఎప్పుడూ మసి వైపే ఉండేది. గబగబా వెళ్లి గబగబా వచ్చేసి, మళ్లీ అదే కథ తీసేవాణ్ని. బేతాళుడు మనిషిని తినడు, ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. పిల్లలకు ఇంతకంటే మంచి భూతం ఇంకెక్కడుంది?

కాస్త పెద్దయ్యాక యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' చదవండి. వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే తెలుగుదేశమంతా టెన్షన్‌తో ఎదురుచూసింది. కానీ బుజ్జీ, ఒక మాట గట్టిగా చెబుతున్నాను. అందులోని చేతబడిని పుస్తకంలోనే ఉంచాలి. మన తెలంగాణ ఊళ్లలో బాణామతి చేశారన్న అనుమానంతో నిజంగా మనుషుల్ని చంపారు. కథలో భయపడటం ఆట, పక్కింటి ముసలమ్మను చూసి భయపడటం పాపం.

'ఫ్రాంకెన్‌స్టైన్' అనే నవల మొదలుపెట్టినప్పుడు ఇంగ్లండు రచయిత్రి మేరీ షెల్లీకి ఇంకా పంతొమ్మిదేళ్లు నిండలేదు. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, మరుసటి ఏడాది యూరప్‌లో ఎండాకాలమే లేకుండా పోయింది. వానకు బయటికి వెళ్లలేక, స్నేహితులంతా దయ్యం కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. ఆ పుస్తకం 1818లో వచ్చింది. మొదట భయమేస్తుంది, తర్వాత ఫ్రాంకెన్‌స్టైన్ అనేవాడు ప్రాణం పోసి వదిలేసిన ఆ దిక్కులేని ప్రాణి మీద జాలితో గొంతు పట్టేస్తుంది.

అన్నిటికంటే నాకిష్టమైనది రవీంద్రనాథ్ ఠాగూర్ కథ 'క్షుధిత పాషాణ్', అంటే ఆకలిగొన్న రాళ్లు, 1895 నాటిది. కుర్రవాడిగా అహ్మదాబాద్‌లో, సబర్మతి ఒడ్డున షాహీబాగ్ మహల్లో ఉన్నప్పటి జ్ఞాపకాలే దానికి మూలం. కథ చెప్పే మనిషి మాత్రం మన హైదరాబాద్ నిజాం సర్కారు ఉద్యోగి. బరీచ్ అనే చోట పత్తి మీద పన్ను వసూలు చేయడానికి వెళ్తాడు. నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్లో దిగుతాడు. ఒక సాయంత్రం మెట్ల మీద కూచుంటే వెనక అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. మళ్లీ చప్పుడు, ఈసారి చాలామంది అమ్మాయిలు నవ్వుతూ స్నానానికి పరుగెత్తుతున్నట్టు, తనను రాసుకుంటూ నదిలోకి దిగుతున్నట్టు. నదిలో అల కూడా లేదు. నేనెన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను. లేనిదాన్ని ఇంత స్పష్టంగా ఎలా చూపించాడో నాకు చెప్పడం చేతకాదు, చెప్పాలని కూడా లేదు.

ఆ మహల్ చుట్టూ తెల్లారుజామున మెహర్ అలీ అనే పిచ్చివాడు తిరుగుతూ, "దూరంగా పోండి, అంతా అబద్ధం" అని అరుస్తుంటాడు. ఆ ఉద్యోగి ఈ కథంతా రైల్వే స్టేషన్లో తోటి ప్రయాణికులకు చెబుతుంటాడు, చివర అసలు రహస్యం చెప్పబోతుండగా రైలు వచ్చేస్తుంది. చిట్టికి కోపం రావచ్చు, అయినా చదవండి. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఠాగూర్ కథల కోసం వెతకండి, దొరక్కపోతే అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో అడగండి. సాయంత్రం మొదలుపెట్టి మధ్యలో లేవకుండా చదవండి. ఆ మెహర్ అలీ రోజూ అక్కడికే ఎందుకు తిరిగి వస్తాడని మీకనిపించిందో ఇద్దరూ వేరువేరుగా రాసి పంపండి. ఒకరిది ఒకరు చూసి రాయొద్దు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య